పడకగదికి ఎర్ర కర్టెన్లు

రెండు కర్టెన్ల మీద మొగుడూ పెళ్ళాం పది రోజులు మాట్లాడుకోలేదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఆయన గూడ్సు బండి డ్రైవరు. కాగితాల్లో లోకో పైలట్ అని రాస్తారు గానీ బెంగాల్లోని ఈ నిమ్‌పురా రైల్వే కాలనీలో అందరికీ డ్రైవరే. రాత్రంతా బండి నడిపి, తెల్లారేక ఇంటికొచ్చి, ఊరంతా పనిలోకి దిగే వేళకి ఆయన పడుకోవాలి. పడుకుంటే కదా. మా క్వార్టర్లో పడకగదికి తూర్పున ఒక కిటికీ, దక్షిణాన ఒకటి. పొద్దు పొడిచింది మొదలు ఎండ మంచం మీదే కాపురం పెడుతుంది. పాత చీరలు కట్టినాను, అద్దాలకి పేపర్లు అంటించినాను. అయినా రెండు గంటలు తిరక్కుండానే లేచి మంచం మీద కూర్చునేవాడు, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని. ఆ కళ్ళతోనే మళ్ళీ డ్యూటీకి పోయేవాడు. వెనకాల అంత పొడుగు బండి, ముందు నిద్రలేని మనిషి. నాకు భయం వేసేది. నాకు భయమేస్తే అది కోపంగానే బయటికొస్తుంది, ఏటి చేసేది.

"మందంగా వెల్వెట్ కర్టెన్లు కడదాం, గది సీకటి సేసేద్దాం. మీరూ రండి, రంగు సూద్దురు గాని" అన్నాను.

"రంగులు నాకేటి తెలుసే. నీకు నచ్చింది తెచ్చీ" అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండా.

రాత్రంతా రంగులు చూసుకుంటూ పోవడమే ఆయన ఉద్యోగం. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి ఒక్కదాన్నే బజారుకి పోయినాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఏదీ నేను ఎంచుకున్నది కాదు. గోడల రంగు రైల్వేది, తలుపుల రంగు రైల్వేది, పక్క క్వార్టర్ వాళ్ళ కిటికీకీ మా కిటికీకీ తేడా లేదు. కొట్లో ఎర్ర వెల్వెట్ తాను విప్పేసరికి నా మనసు దాని మీద పడిపోయింది. వేలితో రాస్తే ఒక పక్క ముదురు, ఒక పక్క లేత. ఇది నాది అనిపించింది.

కొట్టు ముసలాయన బెంగాలీ మనిషి. "బౌదీ, వెనక నల్ల లైనింగు వేయించండి. లేదంటే ఎండకి రంగు గదిలోకి దిగుతుంది" అన్నాడు. వదినా అని మర్యాదగా పిలిచి ఇంకో గుడ్డ అంటగడుతున్నాడని నాకు చిర్రెత్తుకొచ్చింది. దుప్పటంత మందంగా ఉన్నదానికి లైనింగేటి దాదా, నా చెవిలో పువ్వులు పెట్టకు అని, వచ్చిన బెంగాలీలో కడిగేసి వచ్చినాను.

రాడ్లు బిగించే మనిషి రేపంటాడు, ఎల్లుండంటాడు. విసిగిపోయి నేనే స్టూలెక్కినాను. పాతకాలం గోడ, మేకు కొడితే వంగిపోతుంది, సున్నం పెచ్చులు నెత్తిన రాలుతాయి. సాయంత్రానికి ఎలాగో వేలాడదీసినాను. మర్నాడు మా ఆయన వచ్చి చూసి, "బాగున్నాయే" అని పడుకున్నాడు. నా కష్టమంతా తీరిపోయింది.

వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. గదిలోంచి ఒక్క కేక, "రెడ్!"

పరిగెత్తినాను. ఎండ సరిగ్గా కిటికీ మీద పడి గదంతా ఎర్రగా ఉంది, మంచం, గోడ, ఆయన మొహం. మంచం మీద కూర్చుని కుడిచెయ్యి కిటికీ వైపు చాపి, ఎడంచేత్తో లేని బ్రేకుని పట్టి లాగుతున్నాడు. సిగ్నల్ కనబడగానే డ్రైవరు అలాగే చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే రంగు తిరిగి చెప్పాలి. అది వాళ్ళ పని పద్ధతి. కానీ ఇంట్లో, మంచం మీద!

"ఏటయింది?"

"ఏటీ లేదు. అవి తీసీ."

"ఎందుకు తియ్యాల?"

"తీసీమన్నానా."

నచ్చింది తెచ్చుకోమన్న మనిషి, నేను నెత్తిన సున్నం పోసుకుని కట్టినవి ఒక్కపూటకే తీసీమంటాడా? కారణం చెప్పేదాకా తియ్యనని మొండికేసినాను. ఆయన చాప తీసుకుని ముందుగదిలో పడుకున్నాడు, కళ్ళ మీద తువ్వాలు వేసుకుని. అక్కడ కాలింగ్ బెల్లు, చేపలమ్మే మనిషి అరుపు, నా కుక్కర్ విజిల్. పది రోజులు అలాగే డ్యూటీకి పోయినాడు. ఆయన నిద్ర కోసం కట్టిన కర్టెన్లకి నేను కాపలా, ఆయనేమో నేల మీద. ఆ పది రోజుల్లో ఏదైనా జరిగుంటే? నా మీద నాకున్న కోపం అందుకే చల్లారదు.

పదకొండో రోజు అన్నం పెడుతూ ఉండబట్టలేక అనేసినాను. "ఎర్రగుడ్డకి బయపడతారేటి, సిన్నపిల్లాడిలాగ?"

ముద్ద కంచంలో వదిలేసినాడు. "పోయిన వానాకాలం, తెల్లారగట్ట, బండి మీద కన్నంటుకుందే. ఒక్క చిటికె. అసిస్టెంటు రెడ్ అని అరిసినాడు. కళ్ళు తెరిసేసరికి అద్దమంతా ఎర్రగా ఉంది. బ్రేకేసినాను. సిగ్నల్ దాటకుండానే ఆగింది." కంచం పక్కకి జరిపి అన్నాడు, "ఆగింది గానీ, పడుకుంటే మాత్రం ఇంకా ఆగలేదనే అనిపిస్తది."

అంటే ఆయన నిద్ర తినేసింది ఎండ కాదు. ఇన్ని నెలలు నేను ఉత్తపుణ్యానికి కిటికీలతో దెబ్బలాడినాను. నాకు జాలి రావాలి కదా, రాలేదు, మండిపోయింది. "ఇన్నాళ్ళు నాకెందుకు సెప్పలేదు? నేనెవర్ని మీకు?" అని గరిటె విసిరికొట్టినాను. తర్వాత స్టూలెక్కి, ఏడుస్తూ కర్టెన్లు పీకేసినాను.

ఈసారి ఆయన్నీ లాక్కుని పోయినాను. పచ్చ గుడ్డ తీస్తే, అది చూస్తే బండి కదిలించాలనిపిస్తుందన్నాడు మా ఆయన. పసుపు చూసి తల అడ్డంగా ఊపినాడు. ముదురు నీలం తీసుకున్నాం. ముసలాయన నన్ను ఒక్క మాట అనకుండా నల్ల లైనింగు కొలిచి కత్తిరించినాడు. సిగ్గుతో నేను తలెత్తలేదు.

కొత్తవి కట్టినాక గది చీకటిగానే ఉంది. మూడోనాడు తలుపు సందులోంచి చూసినాను. మంచి నిద్రలోనే చెయ్యి పైకి లేచింది. "రెడ్" అన్నాడు, మెల్లగా. చెయ్యి దించడే. తిరిగి చెప్పే మనిషి కోసం చూస్తున్నాడు.

చెప్పకుండా దాచినందుకు కోపం నాకు అప్పటికీ ఉంది. అయినా గుమ్మంలో నిలబడి, "రెడ్" అన్నాను. "బండి ఆగింది. పడుకోండి."

చెయ్యి దుప్పటి మీదికి దిగింది. ఆ రోజు సాయంత్రం నాలుగు దాకా లేవలేదు.