వాన లేని ఉత్తరం

డిగ్రీ పూర్తయి ఉద్యోగం రాని రోజుల్లోనే మనిషికి లోకాన్ని ఉద్ధరించాలని ఎందుకు అనిపిస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నాకు ఇరవై రెండో ఏట అనిపించింది. మా నాయన బ్యాంకు పరీక్షలకు చదువుకోమని పోరుతుండగానే, అనంతపురంలో ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే ఒక సేవా సంస్థ శాఖలో వాలంటీరుగా చేరిపోయాను. ఎక్కడ యుద్ధం జరిగినా ఎవరినీ వెనకేసుకురాకుండా, దెబ్బతిన్న వాళ్లందరికీ సాయపడే పెద్ద సంస్థ అది. మా శాఖ ఆస్తి మాత్రం ఒక బీరువా, ఒక ఫ్యాను, ఒక సారు. (ఫ్యాను కరెంటును బట్టి, సారు మోకాళ్ల నొప్పిని బట్టి పనిచేసేవారు.)

సారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకు మేం చాటుగా పెట్టుకున్న పేరు తటస్థం సారు. సంస్థ ప్రాణమంతా తటస్థతలోనే ఉందని రోజూ చెప్పేవారు. చెప్పడమే కాదు, పాటించేవారు కూడా. కింద కొట్లో అల్లం టీ బాగుందా, మామూలు టీ బాగుందా అని అడిగితే దేని గుణం దానిదే అనేవారు. ఇంట్లో భార్యకూ కోడలికీ మాటామాటా పెరిగితే చెప్పులేసుకుని ఆఫీసుకు వచ్చేసేవారు, ఆదివారమైనా సరే. రెండు రోజుల శిక్షణలో ఆయన చెప్పినదంతా నేను నోటుపుస్తకంలో ఎక్కించుకుని, ముఖ్యమైన చోట్ల ఎర్ర ఇంకుతో గీతలు పెట్టుకున్నాను.

మా పనుల్లో ఒకటి ఉత్తరాలు చేర్చడం. యుద్ధంలో ఫోన్లు తెగిపోయి, మనుషులు ఎక్కడెక్కడో చిక్కుకుపోయిన చోట సంస్థవాళ్లు వెళ్లి, వాళ్ల చేత ఇంటికి నాలుగు ముక్కలు రాయిస్తారు. ఆ కాగితం ఎవరి పేరున ఉందో వాళ్ల చేతికే మేం ఇచ్చి, జవాబు రాయించుకుని రావాలి. దానికి కవరు ఉండదు. దారిలో అధికారులు చదువుతారు. అందుకని ఇంటి సంగతులు తప్ప మరేమీ ఉండకూడదు. సైన్యం, రాజకీయం, కొట్లాటలు, ఇలాంటి ముక్క ఒక్కటి కనిపించినా ఉత్తరం అక్కడే ఆగిపోవచ్చని సారు చెప్పారు. ఆ వాక్యం కింద నా పుస్తకంలో మూడు గీతలున్నాయి.

నాకు అప్పగించిన మొదటి ఉత్తరం తాడిపత్రి దగ్గర ఒక పల్లెకు. రాసినతను అక్కడ బండల పాలిష్ పని చేసేవాడు. ఏదో ఎడారి దేశంలో బండలు పరిచే పని దొరికితే వెళ్లాడు. అక్కడ యుద్ధం మొదలై, ఎటు పారిపోతున్నాడో తెలియక ఒక పక్షం వాళ్లకు చిక్కి, శిబిరంలో పడ్డాడు. నెలల తరబడి కబురు లేదు. ఇంట్లో ఉన్నది తల్లి ఒక్కతే. నేను స్కూటీ దిగేసరికి ఆమె గడప దగ్గర శనక్కాయలు ఒలుస్తోంది. పెద్దమ్మా అని పిలిచి, మీ కొడుకు దగ్గర్నించి వచ్చిందని కాగితం చూపిస్తే చేటతో సహా లేచి నిలబడింది. కాయలన్నీ వాకిట్లో పడ్డాయి. ఉత్తరం నాలుగుసార్లు చదివించుకుంది. అందులో ఉన్నది నాలుగే వాక్యాలు: బతికే ఉన్నాను, తింటున్నాను, దిగులు పడొద్దు, జవాబు రాయించు.

ఆమెకు చదువు రాదు. తను చెబుతుంటే నన్ను రాయమంది. నేను బుద్ధిగా పెన్ను తీశాను.

"రాయి పాపా. ముంగారు వాన ఎగ్గొట్టింది. మబ్బులు పడమర నుంచి వచ్చి తూర్పుకు పోతాండాయి, ఈడ నిలబడేది లేదు. బోరు అడుగంటింది. పక్క చేనాయప్ప కరెంటు వచ్చినప్పుడల్లా మోటరేసి నీళ్లన్నీ లాగేస్తాండాడు. మొన్న వానికీ నాకూ కొట్లాట అయింది."

నా పెన్ను గాలిలోనే ఆగిపోయింది. పడమర నుంచి తూర్పుకు కదలికలు. నీటి నిల్వల వివరాలు. ఆపైన కొట్లాట. ఆ దేశపు సైన్యాధికారి ఎవరో దీపం కింద ఈ కాగితం పెట్టుకుని, తాడిపత్రి మబ్బుల అసలు అర్థమేమిటని జుట్టు పీక్కుంటున్నట్టు నాకు కళ్లకు కట్టింది. పెద్దమ్మ మంచిచెడ్డలు నాకంటే ఎవరికి తెలుసు. ఆమె పావుగంట చెప్పింది, నేను మూడు వాక్యాలు రాశాను. 'నేను క్షేమం. నీ క్షేమం కోరుతున్నాను. ధైర్యంగా ఉండు. ఇట్లు, అమ్మ.' అంతా రాసినావా అని అడిగితే రాశానన్నాను. చదవమంటే, ఆమె చెప్పినదంతా గుర్తున్నంత వరకు చదివినట్టు నటించాను. ఆమె తృప్తిగా వేలిముద్ర వేసి, నా సంచిలో రెండు గుప్పిళ్లు శనక్కాయలు పోసింది. దారిపొడుగునా వాటిని తింటూ, ఒక ప్రాణాన్ని కాపాడిన దానిలా ఇంటికి వచ్చాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. సారు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, నా వైపు తోశారు. ఈసారి అది తల్లి పేరున లేదు. 'ఉత్తరం రాసినవాళ్లకు' అని ఉంది. "ఇది మా అమ్మ చెప్పింది కాదు. వాన మాట లేకుండా మాయమ్మ నోరు తెరవదు. వేలిముద్ర ఎవరిదో నాకు తెలీదు. దండం పెడతా, నిజం చెప్పండి. మాయమ్మ ఉండాదా, లేదా?"

నేను ఏం రాశానో, ఏం వదిలేశానో సారుకు చెప్పేశాను. "తటస్థంగా చెప్పాలంటే, తప్పు నీదేనమ్మా" అన్నారు. ఆయన ఒక పక్షం తీసుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ రోజే పల్లెకు వెళ్లాను. ఉత్తరం చదివి, నేను చేసింది ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది కూడా. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయితే నేను సచ్చిపోయినానని వాడు ఆడ ఒక్కడే ఏడుస్తాండాడా పాపా?" అంది. ఇద్దరం కూర్చుని ఏడ్చాం. తర్వాత ఆమే ముందు తేరుకుని, రాయమంది.

ఈసారి ఒక్క మాట వదల్లేదు. వాన, మబ్బు, బోరు, పక్క చేనాయన మోటరు, ఆయన వంశం మీద ఆమె అభిప్రాయం, అన్నీ రాశాను. చోటు చాలక అంచుల చుట్టూ తిప్పి రాశాను. సారు ఆ కాగితాన్ని గుండ్రంగా తిప్పుతూ చదివారు. మన జిల్లాలో వాన ఇంటి సంగతేనని తీర్పు చెప్పారు. పక్క చేనాయన వాదన కూడా వినలేదు కాబట్టి తిట్టు ఒక్కటి తీసేయమన్నారు. తీసేశాను.

జవాబు రావడానికి మళ్లీ వారాలు పట్టింది. ఆ వారాల్లో నేను సరిగ్గా తిన్నది లేదు. వచ్చిన దానిలో ఒకటే వాక్యం: 'అమ్మా, ఆయప్పతో కొట్లాడొద్దు, నేనొచ్చి చూసుకుంటా.'

మరో ఆరు నెలలకు అతన్ని వదిలిపెట్టారు. చూడటానికి వెళ్లాను. మనిషి సగమయ్యాడు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి, "నన్ను సంపిన పాప ఈమేరా" అని పరిచయం చేసింది. అతను నవ్వి, నిజం చెప్పమని మాకు రాశాక జవాబు అందేలోపు ఏం జరిగిందో చెప్పాడు. ఎదురుచూసి ఎదురుచూసి, ఇక అమ్మ లేదని నమ్మి, శిబిరంలో తోటివాళ్ల చేత గుండు గీయించుకుని, తనకు పెట్టిన రొట్టెలో సగం అమ్మ పేరున పక్కన పెట్టి దినం చేశాడట. "బతికుండంగానే నా కర్మ చేసినాడు చూడు, ఎంత తొందరో వీనికి" అని పెద్దమ్మ పగలబడి నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతూనే ఆమె ఒడిలో తల పెట్టి పడుకున్నాడు, ముప్పై ఏళ్ల మనిషి, నేనక్కడ ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయి.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. ఎర్ర గీతలు పెట్టుకుని, లోకాన్ని కాపాడబోతున్నానని స్కూటీ మీద పోయే ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తుకొస్తుంది. ఆపి, కాస్త నోరు మూసుకుని ఆ తల్లి చెప్పింది చెప్పినట్టు రాయవే అనాలనిపిస్తుంది. నా మాట వింటుందని మాత్రం నమ్మకం లేదు.