ఒడెస్సా గోడ మీది కాగితం

మిసిసిపీలోని ఆ చిన్న ఊరి గ్రంథాలయంలో పనిచేసే ఒడెస్సా పింకార్డ్ పుస్తకం మీద ముద్ర కొడితే పక్కగదిలో చదువుకునేవాళ్లు కూడా ఉలిక్కిపడతారు. అరవై దాటిన నల్లజాతి మనిషి. ముక్కు చివర కళ్లద్దాలు, మోచేతుల దగ్గర అరిగిపోయిన నీలం స్వెట్టరు. పొద్దున్నే తలుపు తీయగానే ఆవిడ చేసే మొదటి పని, ఎవరో చింపేసిన కాగితం స్థానంలో కొత్తది గోడకు గుచ్చడం. 1861లో అమెరికా దేశం నుంచి విడిపోతూ ఈ మిసిసిపీ రాష్ట్రం తన చేత్తో తాను రాసుకున్న ప్రకటన అది. బానిసత్వాన్ని కాపాడుకోవడానికే వెళ్లిపోతున్నామని అందులో పచ్చిగా ఉంది.

మొన్న మంగళవారం ఎనభయ్యేళ్ల టాల్మడ్జ్ క్రూ ఆవిడ కళ్లెదుటే దాన్ని చింపాడు. విడిపోయాక వచ్చిన యుద్ధంలో ఈ రాష్ట్రం తరఫున పోరాడిన ముత్తాత పటాలం బిళ్ల కోటుకు మెరుస్తోంది.

"మా పెద్దల్ని బజారుకీడుస్తావా, ఒడెస్సా? వాళ్లు కొట్లాడింది రాష్ట్రం హక్కుల కోసం! బానిసల గొడవే లేదు!"

ఒడెస్సా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"క్రూ గారూ, ఈ కాగితానికి సరేనని చేయెత్తినవాళ్లలో మీ ముత్తాత ఉన్నాడు. మా ముత్తవ్వ ఆయన పత్తిచేలో బానిసగా పుట్టింది. ఆయన్ని తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఎందుకు విడిపోతున్నాడో ఆయన నీళ్లు నమలకుండా చెప్పాడు. ఇన్నాళ్లకు ఆయన్ని అబద్ధాలకోరుని చేస్తున్నది మీరే."

సొరుగు లాగి ఇంకో కాగితం తీసి, గుండుసూదితో సహా ఆయన చేతిలో పెట్టింది.

"ఈసారి మీరే గుచ్చండి."