నలభై కొలతల జాకెట్టు

సర్వర్ జహాన్‌కి ఉన్న ఒకే ఒక్క పిచ్చి కొలతలు. అనకాపల్లిలో ఆవిడ కుట్టుకి వంక పెట్టినవాళ్లు లేరు గానీ, మెడలో ఆ టేపు చూస్తేనే ఆడవాళ్లకి దడ. ఒక్కసారి కొలిచి ఊరుకుంటే ఆవిడ సర్వర్ జహాన్ ఎందుకవుతుంది?

ఇది తెలిసీ అప్పలనర్సమ్మ, నూకాలమ్మ జాతర నలభై రోజులుందనగా జాకెట్టు గుడ్డ పట్టుకెళ్లింది. తీరా వెళితే టైలరమ్మ కొట్లో చాప మీద పడుకుని, కాళ్లు గోడకి ఆనించి ఉంది.

"అయ్యో, ఏటది బీబమ్మా! పడిపోయేవా?"

"యోగా పిన్నీ! ఇరవయ్యేళ్లు మిషన్ తొక్కి మోకాళ్లు బిగిసిపోయేయి. ఇది మొదలెట్టేక మెట్లెక్కుతున్నాను. నీ భుజానికీ మంచిదే. డాక్టరమ్మ సెప్పలేదేటి?"

"సెప్పింది. మాత్రలైతే మింగుతాను. ఈ వయసులో నాకీ గెంతులేటే? ఊరు నవ్వదా!"

అప్పలనర్సమ్మ కుడిచెయ్యి రెండేళ్లుగా భుజం దాటి లేవడంలేదు. జుట్టు ముడి కోడలు కుమారి వెయ్యాలి. అదైనా సర్దుకోవచ్చు. జాతరలో తను తలకెత్తుకోవాల్సిన అమ్మవారి ఘటం రెండేళ్లుగా ఇంకొకరు ఎత్తుతుంటే, తను చెంబు పట్టుకుని పక్కన నడుస్తోంది. అది తలుచుకుంటే ఏడుపొస్తుంది ఆవిడకి.

సర్వర్ జహాన్ లేచి టేపు తీసింది. "సరేలే. కొలతకి సెయ్యెత్తు."

"ఇంతే లేత్తాది."

"లేచినంతే ఎత్తు. గాలి పీల్చు... నెమ్మదిగా వదులు. సంక కొలతకి ఊపిరే ముఖ్యం. రేపు మళ్లీ రా."

మర్నాడు చేతులు వెనక్కి కట్టించింది. ఆ మర్నాడు గోడ మీద వేళ్లు పైకి పాకించింది.

"గోడక్కూడా జాకెట్టు కుడతావేటే?"

ఇంకోరోజు కుర్చీలోంచి పదిసార్లు లేపి కూర్చోబెట్టింది. "కూకుంటే నడుం పెరుగుతాది, లేత్తే తగ్గుతాది. రెండూ సూడొద్దా పిన్నీ?" నొప్పంటే మాత్రం అక్కడికక్కడే ఆపేసేది.

"ఏనుక్కి కుట్టినా ఇన్ని కొలతలుండవే!" అని అప్పలనర్సమ్మ రోజూ కోడలి దగ్గర తిట్టిపోసేది. మళ్లీ పొద్దున్నే బయల్దేరేది. గుడ్డ అక్కడ చిక్కుకుపోయింది మరి.

జాతర ముందురోజు ఒళ్లు మండి కొట్లోకి దూసుకెళ్లింది. "జాకెట్టిత్తావా? నా గుడ్డ నాకిచ్చేత్తావా?"

"పై మేకుకి తగిలించేను. తీసుకో పిన్నీ" అంది సర్వర్ జహాన్, సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా.

అప్పలనర్సమ్మ విసురుగా హ్యాంగరు లాగింది. కవరుకి గుచ్చిన చీటీ చూసింది. కుట్టడం పూర్తయిన తేదీ ఉంది దాని మీద. తను గుడ్డ ఇచ్చిన మర్నాటిదే! బూతు నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడు గమనించింది, హ్యాంగరు తీసింది కుడిచేత్తో.

"ఓసి నీ దుంపతెగా!" అంది. అని కళ్లు తుడుచుకుంది.

మర్నాడు భుజం కాస్త కలుక్కుమన్నా, ఘటం ఆవిడ తలమీదే ఊరేగింది. దారి పక్కన నిలబడ్డ సర్వర్ జహాన్ని చూసి, అంత డప్పుల హోరులోనూ కేకేసింది.

"బీబమ్మా! జాకెట్టు భుజం దగ్గర పట్టేత్తంది. రేపొత్తాను, కొలత తియ్యి!"