సొంత మరిదే రాసిండంటే

పోయిన వారం కరీంనగర్‌లో ఒక బడివాళ్లు నన్ను పిలిచి, ఫోన్లలో వచ్చే అబద్ధపు వార్తలను ఎట్లా పసిగట్టాలో తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పమన్నారు. ఉద్యోగ విరమణ చేసి ఇన్నేళ్లయినా నల్లబల్ల కనిపిస్తే నాకు ప్రాణం లేచివస్తుంది కాబట్టి, మోకాళ్ల నొప్పులు కూడా మరిచి వెళ్లాను. పాఠం అయిపోయాక ముందు వరుసలోని ఒక పిల్ల లేచి, ఇది అందరికీ నేర్పాలని మీకెందుకు అనిపించింది టీచర్ అని అడిగింది. సమాజం బాగు కోసమని చెప్పాను. అబద్ధాల మీద గంటసేపు పాఠం చెప్పి, చివరికి నేనే ఒక అబద్ధమాడి, వాళ్లు కప్పిన శాలువా మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ పిల్లకు చెప్పలేని మాట నా ఈడు వాళ్లయిన మీకు చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. నేను ఆ పాఠం మొదలుపెట్టింది పగ తీర్చుకోవడానికి.

మాది మంథని. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. నా చిన్నప్పుడే బాపు పోతే, మా అవ్వ ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేసి నన్ను సాకింది. బాపు తమ్ముడు, అంటే మా చిన్నబాపు, పక్కింట్లోనే ఉండేవాడు, రెండిళ్లకూ నడుమ ఒక్క పిట్టగోడే అడ్డం. ఆయన ఒక దినపత్రికకు మా ఊరి విలేకరి. ఆ రోజుల్లో ఊళ్లో జరిగిన సంగతులను తెల్లకాగితాల మీద రాసి, కవరులో పెట్టి, సాయంత్రం కరీంనగర్ పోయే బస్సు డ్రైవరు చేతికిస్తే, మర్నాడు పొద్దున అవి అచ్చయి మళ్లీ మా ఊరికే వచ్చేవి. ఆ కవరు పట్టుకుని చిన్నబాపు బస్టాండుకు నడుస్తుంటే పెద్ద పెద్దవాళ్లు ఆగి పలకరించేవాళ్లు, నాకూ ఆయన వెనక నడవడం గొప్పగానే ఉండేది. పగబట్టిన మనిషి గురించి ఈ మాత్రం మంచి చెప్పడం కూడా నాకిప్పుడు కష్టమే గాని, ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలి కదా.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా హాస్టల్ పిల్లలు కొందరికి వాంతులై ఆస్పత్రిలో చేరారు. ఆ పూట వంట చేసింది మా అవ్వ కాదు. అవ్వకు చలిజ్వరం వచ్చి మంచం దిగలేని స్థితిలో ఉంటే, వార్డెన్ తన చుట్టాలావిడను వంటకు పెట్టుకున్నది. ఆ సంగతి బయటపడకుండా చిన్నబాపును పిలిపించి, వంటమనిషి సాంబారులో బల్లి పడినా చూసుకోలేదని చెప్పింది. ఆ రోజు పొద్దున్నే పిట్టగోడ మీదినుంచి తొంగిచూసి అవ్వకు జ్వరం తగ్గిందా అని అడిగి వెళ్లిన మనిషి చిన్నబాపు. అయినా రాశాడు. బస్సుకు వేళవుతున్నది, అవతలి పత్రిక విలేకరి అప్పటికే కవరు అంటిస్తున్నాడు, ఆయన కంటే వెనకబడడం చిన్నబాపుకు చావుతో సమానం. హాస్టల్‌లో వంటమనిషి ఎవరో తెలుసు కనుక పేరూ ఇంటిపేరూ అక్షరం తప్పు పోకుండా రాశాడు. ఆ వార్తలో నిజమైనవి ఆ రెండే.

మా బడిలో పొద్దున ప్రార్థన కాగానే ఒక విద్యార్థి పేపరు చదివి అందరికీ వినిపించడం ఆనవాయితీ. నా గొంతు గట్టిదని ఆ వారం వంతు నాకిచ్చారు. డ్రిల్లు సారు గీతలు గీసి ఇచ్చిన వార్తలను వరసగా చదువుకుంటూ పోయి, జిల్లా పేజీలో మా ఊరి పేరు కనిపించేసరికి సంబరపడి గొంతు ఇంకాస్త పెంచి, వాక్యం నడుమ అవ్వ పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. సారు వెనకనుంచి కానీయమని గద్దించాడు. చదివాను. బడి మొత్తం విన్నది.

అవ్వ ఉద్యోగం పోయింది. జ్వరం తగ్గీతగ్గకముందే వాడవాడా తిరిగి, ఆ రోజు నేను లేనే లేనని చెప్పుకున్నది. అందరూ అయ్యో పాపమన్నారు. ఆమె మలుపు తిరగగానే వాళ్లన్న మాట మాత్రం వెనక నడుస్తున్న నా చెవిన పడింది.

"సొంత మరిదే రాసిండంటే అబద్ధమెట్లయితది?"

ఎవరో బయటివాడు రాసి ఉంటే సగం మందైనా అనుమానించేవాళ్లు. మనవాడు చెప్పాడు కాబట్టి నిజమే అనుకోవడం మన జాతికి పుట్టుకతో వచ్చిన రోగం, ఫోన్లు వచ్చి దాన్ని కొత్తగా అంటించిందేమీ లేదు. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు ఆట అయిపోయాక ఆడవాళ్లంతా ఒకరి సత్తుపిండి ఒకరికి పంచుకుంటుంటే, అవ్వ గిన్నె దగ్గరికి ఒక్క చెయ్యి రాలేదు. కడుపు నిండిందని ఒకామె, పల్లీలు పడవని ఒకామె తప్పుకున్నారు. అవ్వ ఆ గిన్నె మీద కొంగు కప్పుకుని ఇంటికి తెచ్చింది, ఆ తర్వాత బతికినన్నాళ్లూ బతుకమ్మ ఆడలేదు. బీడీలు చుట్టి నన్ను టీచర్ ట్రైనింగ్ దాకా చదివించింది గాని, మరిదిని మాత్రం ఒక్క మాట అనలేదు. ఆమె అననివన్నీ నేను కడుపులో దాచుకున్నాను.

నాకు మొదటి ఉద్యోగం నిర్మల్ దగ్గర ఒక పల్లెలో వచ్చింది. అక్కడ ప్రార్థనలో పేపరు చదివే పిల్లలకు నేనొక నియమం పెట్టాను. వార్త చదవగానే మిగతా పిల్లలు, చూసినవారెవరు, చెప్పినవారెవరు, నిందపడిన మనిషిని అడిగారా అని అడగాలి. ఒక్క వార్త తేలేసరికి మొదటి గంట కొట్టే వేళయ్యేదని మా హెడ్మాస్టరు తల పట్టుకునేవాడు. ఒకనాడు ఒక పిల్ల లేచి, దొంగతనం చేసిండన్నరు గని ఆయనేమన్నడో రాయలే టీచర్ అన్నప్పుడు, చిన్నబాపు చెంప ఛెళ్లుమన్నట్టే నాకు తృప్తి కలిగింది. పై అధికారులు వచ్చి చూసి మంచి పద్ధతి అని మెచ్చుకున్నారు. నా సర్వీసంతా, చివరికి మంథని బడిలో చేసిన ఏళ్లు కూడా, అట్లాగే నడిచింది, నా కసి పిల్లలకు చదువైంది.

ఇక పోయిన చలికాలం సంగతి. ఎనభై దాటిన చిన్నబాపు మంకీ టోపీ పెట్టుకుని బడి గేటు ముందు నిలబడి, ఎదురింటి పిల్లకు చాక్లెట్ ఇస్తుంటే ఎవరో వీడియో తీసి, పిల్లలను ఎత్తుకపోయే ముసలోడు వచ్చాడని ఊరి మీదికి వదిలారు. మా చుట్టాల గ్రూపులోకి దాన్ని పంపింది చిన్నబాపు సొంత మనవడే, గోదావరిఖనిలో బొగ్గుబావి పని చేసేవాడు, టోపీలోని ముఖం ఎవరిదని కూడా చూసుకోలేదు. మన పిల్లగాడే పంపాడు కదా అని తలా పదిమందికి పంపారు. మర్నాటికి చిన్నబాపు ఇంటి ముందు పోరగాళ్లు గుమిగూడారు. చిన్నమ్మ ఫోన్ చేసి, నీ దగ్గర చదువుకున్నవాళ్లు ఊరి గ్రూపులన్నిట్లో ఉన్నారు, నీ మాటైతే వింటారని ఏడ్చింది. నేను మంథని బస్సెక్కాను, దారి పొడవునా నాకు హాయిగా ఉన్నది. కాదంటే అది మరో అబద్ధమవుతుంది.

తలుపులు వేసుకుని మూలకు కూర్చున్న చిన్నబాపు నన్ను చూడగానే బావురుమన్నాడు.

"నన్నొక్కలన్న అడిగిన్రా బిడ్డా, గాడ ఎందుకు నిలవడ్డవని?"

"అవ్వను నువ్వడిగినవా చిన్నబాపూ? గోడ అవుతలనే ఉండె."

బయట అరుపులు పెరుగుతున్నాయి. ఎదురింటి పిల్ల తల్లితో నేను అప్పటికే మాట్లాడి వచ్చాను, ఈ తాత తమ ఎదురింటివాడేనని ఆమె చెప్పిన నిజం నా ఫోన్‌లోనే ఉన్నది, పంపడమే తరువాయి. పంపలేదు. ముందు అవ్వ సంగతి నీ నోటితో చెప్పు, తర్వాత నీ సంగతి నేను చూస్తానన్నాను. చిన్నమ్మ నా కాళ్లు పట్టుకోబోయింది, నేను పక్కకు జరిగాను గాని మాట మార్చుకోలేదు. చివరికి ఆయన నా ఫోన్ ముందు నోరు విప్పాడు.

"మా వదినె ఆ పూట వంట చెయ్యలే. జరమొచ్చి ఇంట్ల పండుకున్నది. నాకెర్కనే ఉండె. ఎర్కుండే రాసిన."

ముందు అది ఊరి గ్రూపులకు పంపి, ఆ వెనకే పిల్ల తల్లి మాటలు పంపాను. దీపాలు పెట్టే వేళకు పోరగాళ్లు వెళ్లిపోయారు, కొందరు క్షమించు తాతా అని కూడా రాశారు. అవ్వ సంగతికి మాత్రం నాలుగు దండాల బొమ్మలు వచ్చాయి, ఎవరీ వదినె అని ఒక పిల్ల అడిగింది, ఆ వెంటనే ఎవరిదో పుట్టినరోజు కేకు ఫోటో వచ్చి అంతా దానికి శుభాకాంక్షలు చెప్పుకుంటూ పోయారు.

నేను చిన్నబాపును క్షమించలేదు, ఇప్పటికీ ఆయన ఫోన్ చేస్తే ఎత్తను. నన్ను తొలిచేది ఆయన కాదు. మా కాలంలో ఒక మనిషి మీద పడిన అబద్ధం ఆ మనిషి చచ్చేదాకా ఊళ్లో నిలిచింది, ఈ కాలంలో దాన్ని కాదన్న నిజం రాత్రి అన్నం వేళ దాకా నిలవలేదు. అవ్వ చెయ్యి తాకింది వద్దన్నవాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు, అవ్వా వెళ్లిపోయింది. వాళ్ల ముఖాలు చిన్నబోవడం చూడాలని నేను ఇన్నేళ్లు కాచుకుని కూర్చున్నాను. నేను ఆగాను గాని, వాళ్లు ఆగలేదు.