తలుపు తీయగానే వచ్చే వాసన

నేను పైపు మొదలుపెట్టింది షోకు కోసమే. డైలాగులు రాసేవాడు నోట్లో పైపు పెట్టుకుని ఆలోచిస్తుంటే నిర్మాతలు తొందరపెట్టరని ఎవరో చెప్పారు. శుద్ధ అబద్ధం. తొందరపెడుతూనే ఉన్నారు, పైపు మాత్రం అలవాటైపోయింది.

కృష్ణానగర్‌లో ఒక్క గదిలో ఉన్న రోజుల్లో నా సిగరెట్లని నానా తిట్లూ తిట్టిన మా ఆవిడ, ఫిల్మ్‌నగర్ ఫ్లాట్‌కి వచ్చాక ఈ పైపుని ఒక్క మాట కూడా అనలేదు. పైగా వాసన బాగుందనేది. నిజంగానే బాగుండేది. పొద్దున్నే ఒక పైపు కాల్చి, కథా చర్చలకి జూబ్లీహిల్స్ వెళ్లేవాణ్ణి. సాయంత్రం చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఉడికి, డైరెక్టరు కొట్టేసిన సీన్లు చంకలో పెట్టుకుని ఇల్లు చేరి బెల్ కొడితే తను తలుపు తీసేది. తలుపుతోపాటే ఆ వాసన వచ్చేది. కాస్త తీపి, కాస్త లవంగం, కర్టెన్లని పట్టుకుని ఉండిపోయిన పొద్దుటి పొగ. ఇల్లంటే నాకు అదే. అప్పట్లో నా దగ్గర తాళంచెవి కూడా ఉండేది కాదు.

ఇంటికొచ్చినవాళ్లెవరైనా ఆ వాసన మెచ్చుకున్నారా, వాళ్ల పని అయిపోయినట్టే. పైపులో పొగాకు ఎలా కూరాలో, ఈ డబ్బా పొగాకే ఎందుకు గొప్పదో ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. వంటింట్లోంచి మా ఆవిడ దగ్గు వినిపించేది. పొగ పడలేదేమో అనుకునేవాణ్ణి.

క్రిస్మస్ ఇంకో నెల ఉందనగా, ఒక ఉదయం పాలు పొయ్యి మీద ఉండగానే తను పోయింది. గుండె అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఏం తిన్నానో, ఏం రాశానో నాకు గుర్తులేదు. డబ్బాలో మిగిలిన పొగాకు మాత్రం అంతా కాల్చేశాను. అది అయిపోయాక అదే కంపెనీ డబ్బా కొత్తది తెప్పించాను. కాల్చాను. ఆ వాసన రాలేదు.

మోసం చేశాడని కంపెనీవాణ్ణి తిట్టుకున్నాను. ఇంకో డబ్బా తెప్పించినా అంతే. అప్పుడు భయం పట్టుకుంది. తన చీరలు మరదలు తీసుకెళ్లింది, తన గొంతు ఫోన్‌లో రెండు ముక్కలే మిగిలింది. ఈ వాసన కూడా పోతే, ఇంట్లో తను ఉండేదనడానికి నాకేం మిగులుతుంది?

అక్కణ్ణుంచి వెతుకులాట. పాటల షూటింగ్‌కి విదేశాలు వెళ్లే యూనిట్లలో నాకోసం ఒక డబ్బా తేవడం రివాజైపోయింది. నాకెంతో ఇష్టమనుకుని పాపం ఎక్కడెక్కడివో విచిత్రమైనవన్నీ తెచ్చేవారు. ఒకటి కట్టెల పొగలో ఆరబెట్టిన పొగాకట. కాలిస్తే చిన్నప్పుడు కట్టెల పొయ్యి మీద కాచిన స్నానం నీళ్ల వాసన వచ్చింది. ఇంకొకటి పీపాల్లో తొక్కిపెట్టి ఊరేసింది. మూత తీస్తే పాత ఊరగాయ జాడీ, నోట్లో మిరియాల ఘాటు. ఒక ముసలి కెమెరామన్ తెచ్చినదైతే అచ్చం సబ్బుపెట్టె. "గురువుగారూ, అక్కడి పెద్దమనుషులంతా ఇదే కాలుస్తారండీ," అన్నాడు. వాళ్ల ఖర్మ అనుకున్నాను. చివరికి తెగించి గోదావరి లంక పొగాకు చుట్టని నలిపి, కొత్త డబ్బా పొగాకులో కలిపి కాల్చాను. తల గిర్రున తిరిగి సోఫాలో కూలబడ్డాను. పనమ్మాయి ముక్కు మూసుకుని వచ్చింది.

"ఏంది సార్, ఇల్లంత గిట్ల వాసనొస్తుంది? ఏమన్న మాడిందా?"

ఒక్కోటీ బాగానే ఉండేది. కొన్ని రుచులు ఇప్పటికీ నాలుక మీద ఉన్నాయి. కానీ కాల్చేవాడి ముక్కు వాడి పొగకే మొద్దుబారుతుంది. అందుకని ప్రతి డబ్బాకీ ఒకటే పరీక్ష పెట్టేవాణ్ణి. పైపు కాల్చి, తలుపు తాళం వేసి, కిందికి దిగి వీధి చివరిదాకా నడిచి, తిరిగొచ్చి తాళం తీయడం. తీసిన ప్రతిసారీ అది ఎవరిదో ఇల్లులా ఉండేది.

ఏడాది తిరిగి మళ్లీ క్రిస్మస్ దగ్గరపడింది. మధురానగర్‌లో ఉండే మరదలు వచ్చింది. "బావగారూ, అక్క కేకు పళ్లు ఎక్కడున్నాయి?" అంది. ఏం పళ్లో నాకు తెలియదు. తనే స్టూలెక్కి, అటక మీద పాత కుక్కర్ అట్టపెట్టె దించింది. అందులో ఒక గాజు జాడీ. పోయేముందు మా ఆవిడ నానబెట్టిన ఎండుద్రాక్ష, నారింజ తొక్క, లవంగాలు, అన్నీ రమ్ములో. చర్చి ఆడవాళ్లు వస్తే కనిపించకూడదని ఆ పెట్టెలో దాచేదట.

మరదలు మూత తీసింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఏమైంది బావగారూ?"

"ఇదే," అన్నాను. "నా పొగాకు వాసన ఇదే."

మరదలు నావైపు వింతగా చూసింది. "మీకు తెలియదా? ఎండలకి పొగాకు ఎండిపోయి మీరు దగ్గుతున్నారని అక్క మీ డబ్బాలో ఒక చెంచా ఈ రసం చల్లేది కదా. మీరేమో ఆ డబ్బా మహిమ గురించి వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. 'పోనీలే, నేనెందుకు చెప్పి ఆయన ఉపన్యాసం చెడగొట్టడం' అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దేశదేశాల పొగాకులన్నీ కాల్చాను. వంటింట్లోంచి వినిపించిన ఆ దగ్గు నిజానికి నవ్వు అని ఇన్నేళ్లలో నాకు తట్టనే లేదు. మరదలి ముందే ఏడ్చాను. సిగ్గు కూడా అనిపించలేదు.

"కేకు మానేద్దాం. జాడీ అంతా మీరే ఉంచుకోండి," అంది మరదలు, కళ్లు తుడుచుకుంటూ.

చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆశపడ్డాను. కానీ అది నలుగురికీ పంచాలని మా ఆవిడ నానబెట్టిన జాడీ. ఒక చెంచాడు రసం మాత్రం డబ్బాలో చల్లించుకుని, మిగతాది తీసుకెళ్లమన్నాను. కేకు మొదటి ముక్క కృష్ణానగర్ పాత ఇంటివాళ్లకి ఇమ్మన్నాను, మీ అక్క అలాగే చేసేదని.

మర్నాడు పొద్దున ఆ పొగాకు కాల్చాను, ఎప్పట్లాగే కిటికీ పక్కన. పైపు చల్లారాక తలుపు తాళం వేసి కిందికి దిగాను. వీధి చివర టీ బండి దాకా వెళ్లాను. టీ అడిగి, తాగకుండానే వెనక్కి వచ్చాను. మెట్లెక్కాను. తలుపు సందులోంచి సన్నగా వస్తోంది. కాస్త తీపి, కాస్త లవంగం. ఏ తేడా లేదు.

బెల్ కొట్టి, చెప్పులు విడిచి, తను తలుపు తీస్తుందని నిలబడ్డాను. కాసేపటికిగానీ గుర్తురాలేదు, తాళంచెవి నా జేబులోనే ఉందని.