సాయిసుధ సొరకాయ పాస్తా

మా కృష్ణానగర్ ఇంటి మేడ మీది గదిలో కిరాయికుండే సాయిసుధది సినిమా పాటల్లో గుంపు డాన్సు. పాలకొల్లు పిల్ల. ఏళ్ల తరబడి వెనక వరుసల్లోనే ఎగిరింది. తెర మీద తన ముఖం ఒక్కసారి కనబడాలని దాని ప్రాణం కొట్టుకునేది. చివరికి ఒక పాటలో హీరోయిన్ పక్కనే నిలబెట్టారు.

సగం పాట తీశాక హీరోయిన్‌కు డేట్లు కుదరలేదు. మిగతాది రెండు నెలలాగి తీస్తామన్నారు. ఆ రోజు మానిటర్‌లో తనను తాను చూసుకుని వచ్చి, మా మెట్ల మీద కూలబడింది.

"ఆవిడ పక్కన నేను పొంగిన పూరీలా ఉన్నానాంటీ."

"పొంగని పూరీ ఎవలు తింటరే?" అన్నాను. వింటేనా!

పక్క గదిలో ఉండే స్ఫూర్తిది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ మహాతల్లి ఫోన్‌లో వీడియో చూపించింది, సన్నబడాలంటే పాస్తా బదులు సొరకాయ అని. ఇక చూడండి! సొరకాయను పీలర్‌తో పొడుగ్గా పట్టీలు లాగడం, ఉప్పు చల్లి నీరు పిండడం, వెల్లుల్లి వేసిన టమాటా గుజ్జులో ఒక్క తిప్పు తిప్పడం. అబద్ధమెందుకు, రుచి బాగానే ఉంది. కానీ పొద్దూమాపూ అదే తిని ఎగరమంటే ఎట్లా? ఓ మధ్యాహ్నం ఆవకాయ అన్నం ముద్ద కలిపి దాని నోటి దాకా తీసుకెళ్లాను. కళ్లు మూసుకుని వాసన మాత్రం చూసింది.

"వద్దాంటీ. పాట అయిపోనివ్వండి, పళ్లెం నిండా తింటాను."

నాకు ఏడుపొచ్చింది.

రెండు నెలలకు చిక్కి సగమై, మురిసిపోతూ ఫిల్మ్ నగర్ స్టూడియోకి వెళ్లింది. మొదట్లో కొలతలు తీసి కుట్టిన డ్రెస్సు భుజాల మీద నిలవలేదు. డాన్స్ మాస్టర్ మానిటర్‌లో అప్పుడు తీసిన షాట్‌నీ, ఎదురుగా నిలబడ్డ ఈ పిల్లనీ మార్చి మార్చి చూశాడట.

"ఇందులో ఉన్న బొద్దు పిల్ల ఏదమ్మా? పాట మధ్యలో మనిషి మారిపోతే ఎలా అతుకుతుంది?"

అంతే, దీన్ని వెనక వరుసకు పంపి, బొద్దుగా ఉన్న ఇంకో అమ్మాయిని ఆ చోట నిలబెట్టాడు, దూరపు షాట్లలో తేడా తెలియదని. ఓరి దేవుడా, ఎంత పని చేసుకుంది పిచ్చి పిల్ల!

సినిమా వచ్చాక చూడటానికి రానంటే రానంది. నేనే లాక్కెళ్లాను. పాట మొదలైంది. హీరోయిన్ పక్కన, నిండు బుగ్గలతో నవ్వుతూ, తెర మీద అప్పటి మా సాయిసుధ! రెప్ప వేసేలోగా పోయింది. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ అమ్మాయి ఎంత బాగుందాంటీ!" అంది, ఎవరో పరాయి పిల్లను చూసి ఆశపడినట్టు.