సంచి మీది పేరు

నేను పేరున్న పంతులును కాను, పేర్లు పెట్టిన పంతులును.

మొదటి ఉద్యోగం కౌతాళం దగ్గర ఓ పల్లెలో. ఒకటో తరగతి హాజరు పట్టీ తెరిస్తే ఆరుగురు ఈరన్నలు. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకున్న ఇంట్లో మగబిడ్డకు ఆ పేరే పెడతారు. మొక్కుకోని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. నేను "ఈరన్న" అంటే ఆరు గొంతులు "వచ్చినా సార్" అనేవి. నలుగురు పత్తి చేనికి పోయిన రోజు కూడా ఆరుసార్లు వినబడేది. దేవుడు అంతటా ఉంటాడని పాఠం చెప్పేవాణ్ణి గానీ, హాజరు పట్టీలో కూడా ఉంటాడని అక్కడే తెలుసుకున్నాను.

ఏడో ఈరన్నను వాళ్ల నాయన ఈడ్చుకొచ్చిన రోజున నాలోని సంస్కర్త నిద్ర లేచాడు.

"ఈరన్న అని రాసుకోండి సార్."

"ఇప్పటికే ఆరుగురున్నారు. వేరే పేరు చెప్పు."

"దేవునికి మొక్కుకోనుండాం సార్. వేరేది యాడ తెచ్చేది?"

"ఇంట్లో అట్లే పిలుచుకో. బడికి నేను పెడతాలే."

పిల్లవాడు నేల మీద పొర్లుతూ పెంకులెగిరేట్టు ఏడుస్తున్నాడు. ఆలోచించే ఓపిక నాకు లేదు. తండ్రి భుజాన ఆదోని బట్టలంగడి సంచి వేలాడుతోంది. యజమాని తన కొడుకు పేరే అంగడికి పెట్టుకున్నట్టున్నాడు, సంచి మీద ఎర్రటి అక్షరాల్లో ఉంది. దాన్నే దించి రాశాను: ప్రశాంత్. పేరు పడిన మరుక్షణం ప్రశాంత్ నా చెయ్యి కొరికాడు.

రిటైరయ్యాక ఎమ్మిగనూరులో స్థిరపడ్డాను. మొన్నామధ్య ఆ తండ్రీ కొడుకులు ఇంటికొచ్చారు. కొడుకు ఇప్పుడు ఆలూరు నుంచి పల్లెలకు ఆటో తోలుతున్నాడు. ప్రశాంత్‌కు కొడుకు పుట్టాడట, పేరు నేనే పెట్టాలట.

"నేనెందుకప్పా?"

"సిన్నప్పుడు నా మొగం రొంచేపు సూసి, వీడు శాంతంగా బతుకుతాడని ఆ పేరు పెట్టినారంట గదా సార్. మా నాయన సెప్పినాడు. ఆటోల కాడ ఎవడన్నా కయ్యానికొస్తే అదే మతికొస్తాది. దేవరగట్టు కట్టెల కొట్లాట పండక్కి మావోళ్లు నా సేతికి కట్టె ఇస్తారు. పక్కన పెట్టేస్తా. పిరికోడంటారు, అననీ. సార్ ఊరికే పెట్టింటారా?"

నేను తండ్రి వైపు చూశాను. ఆయన నా ఇంటి ఫ్యానును చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

ఒక మనిషి తన కోపాన్నంతా ఇన్నేళ్లూ నా జోస్యం కింద తొక్కిపెట్టుకున్నాడు. ఆ జోస్యం బట్టలంగడిదని చెబితే, కింద ఉన్నదంతా ఎవరి మీద పడుతుంది? ముందు వరుసలో నేనే. చెప్పకపోతే రేపు ఆ పసివాడి నెత్తిన ఇంకో అబద్ధం పెట్టాలి.

పేరు పెట్టే రోజు వాళ్లింటికి వెళ్లాను. బిడ్డను నా ఒళ్లో పెట్టారు. బంధువులంతా నా మొహం చూస్తున్నారు, నేను బిడ్డ మొహం చూస్తున్నాను. బిడ్డ ఆవులించాడు.

"ఏం కనపడ్తాంది సార్?" అని ఓ ముసలమ్మ.

"ఏమీ కనపడ్డం లేదమ్మా. ఆ పొద్దూ కనపడలేదు," అన్నాను. సంచి సంగతి మొత్తం చెప్పేశాను.

ప్రశాంత్ మొహం ఎర్రబడింది. తండ్రి వైపు తిరిగాడు.

"నీకు తెల్సునా నాయనా?"

"సంచి నాదే గదప్పా. సార్ దాని పక్క సూసి సూసి రాస్తాంటే నాకు తెలీదా? నువ్వేమో సేతికందినోన్ని కొరుకుతాంటివి. ఏదో ఒకటి సెప్పాల గదా."

అతను విసురుగా లేచి బయటికి పోయాడు. ఆటో స్టార్టయ్యే చప్పుడు కోసం ఎదురు చూశాను. చెంబుతో తిరిగొచ్చాడు.

"నీళ్లు తాగండి సార్. సెమట్లు పోస్తాండాయి మీకు."

తాగాను. ఇన్నేళ్ల అతని ఓర్పును నా ఖాతాలో వేసుకుని మురిసిపోవచ్చని రెండు రోజులుగా ఆశపడినందుకు సిగ్గుపడుతూ చెంబు తిరిగిచ్చాను.

"మరి పిల్లోని పేరు?" అంది ముసలమ్మ.

అప్పటిదాకా ఎవరూ ఏమీ అడగని తల్లి వచ్చి, నా ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది. "పుట్టినప్పట్నించి నేను పిలుస్తాండే పేరొకటి ఉంది. దానికే పలుకుతాడు," అని వాడి చెవిలో చెప్పింది. వాడు కళ్లు తెరిచి ఆమె వైపు చూశాడు.

అర్థమేమిటని అడగబోయి, నోరు మూసుకున్నాను.